క్రైస్తవ హోమ్‌స్కూల్‌కు చరిత్ర పాఠ్యక్రమం: వేర్వేరు వయసుల పిల్లలున్న ఇళ్ల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

ముగ్గురు పిల్లలు, మూడు వయసులు. ముగ్గురికీ మూడు చరిత్ర పుస్తకాలు కొనాలా?

అక్కర్లేదు. కూడిక రాని పిల్లవాడికి భిన్నాలు చెప్పలేం, కానీ చరిత్రలో ఆ ఇబ్బంది లేదు. ఈజిప్టు గురించి ఆరేళ్ల పిల్లకూ చెప్పొచ్చు, పదహారేళ్ల కుర్రాడికీ చెప్పొచ్చు. మారేది లోతు, రాత పని. కాబట్టి ఇంటిల్లిపాదికీ ఒకే కాలం పెట్టుకుని, పని మాత్రం వయసును బట్టి పంచండి. ముగ్గురికీ మూడు కాలాలు నడిపితే నేర్పేవాళ్లు ప్రతి వారం మూడు యుగాలు చదివి సిద్ధం కావాలి. కొన్ని వారాలకే ఓపిక అయిపోయి, పెద్దపిల్లను "నువ్వే చదువుకో" అని వదిలేస్తారు. నిజానికి పక్కన కూర్చుని మాట్లాడే మనిషి ఎక్కువ కావలసింది ఆ పెద్దపిల్లకే.

ఒక వారం ఎలా నడుస్తుందో చూడండి. పాఠం, క్రీ.పూ. 597లో బబులోను సైన్యం యెరూషలేమును పట్టుకోవడం. మొదటి రోజు అందరూ కలిసి 2 రాజులు 24వ అధ్యాయం, దానికి సరిపోయే పాఠ్యపుస్తక భాగం ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు వింటారు. ఆరేళ్ల పిల్ల విన్నది తిరిగి చెప్పి బొమ్మ వేస్తుంది. బొమ్మ కింద ఆ పిల్ల మాటల్లోనే రెండు వాక్యాలు పెద్దవాళ్లు రాసిపెడతారు. పదేళ్ల బాబు పటంలో చెరగా వెళ్లినవాళ్ల దారి గీస్తాడు. ఎడారి మీదుగా తిన్నగా గీత గీస్తే తప్పు. ఉత్తరానికి వెళ్లి, యూఫ్రటీసు నది వెంబడి కిందికి దిగాలి. తర్వాత టైమ్‌లైన్‌లో తేదీ వేసి, అరపేజీ రాస్తాడు. పద్నాలుగేళ్ల అమ్మాయికి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న బబులోను వృత్తాంత పలక అనువాదం ఇవ్వండి. నెబుకద్నెజరు ఏలుబడి ఏడో ఏట నగరం పట్టుబడిందని ఆ పలక అంటుంది. 2 రాజులు 24:12 ఎనిమిదో ఏడు అంటుంది. యిర్మీయా 52:28 మళ్లీ ఏడో ఏడు అంటుంది. రాజు గద్దెనెక్కిన ఏడాదిని లెక్కలో కలపడం, కలపకపోవడం అని ప్రాచీన కాలంలో రెండు పద్ధతులుండేవి. ఆ సంగతి పట్టుకుని తేడా ఎలా వచ్చిందో పేజీన్నరలో రాయడమే ఆమె వారం పని. ముగ్గురూ అదే సంఘటన చదివారు. భోజనాల దగ్గర దాని గురించే మాట్లాడుకోగలరు.

విడి పుస్తకం తప్పనిసరయ్యే సందర్భాలు రెండే. పెద్దపిల్లకు ఏదైనా బోర్డు పరీక్ష సిలబస్ ఉంటే అది విడిగానే నడవాలి. చిన్నపిల్లకూ పెద్దపిల్లకూ మధ్య ఎనిమిదేళ్లు దాటితే, కలిసి చదివే భాగాన్ని వారానికి ఒక్క రోజుకు కుదించుకోవాలి.

ఏ వయసులో ఎంతసేపు, ఏ పని?

ఆరేళ్ల లోపు పిల్లలకు చరిత్ర పాఠం పెట్టొద్దు. బైబిలు కథలు, తాతముత్తాతల సంగతులు, "అప్పుడు–ఇప్పుడు" అనే ఊహ చాలు. అన్న, అక్క చదువుతుంటే పక్కన కూర్చుని రంగులు వేసుకుంటారు. ఆశ్చర్యపడేంత వింటారు కూడా.

6–9 ఏళ్లకు వారానికి మూడు రోజులు, రోజుకు 15–20 నిమిషాలు. మనుషుల కథలు కావాలి, తేదీలు కాదు. ఏడాది మొత్తానికి పది, పన్నెండు తేదీలు గుర్తుంటే ఎక్కువే.

10–12 ఏళ్లకు నాలుగు రోజులు, 30–40 నిమిషాలు. పటాలు, టైమ్‌లైన్, కారణం–ఫలితం ఈ వయసులో బాగా పట్టుబడతాయి. ఏ రాజు తర్వాత ఏ రాజు అని వరుసలు కంఠస్థం చేయడానికి ఉత్సాహం కూడా ఇప్పుడే ఉంటుంది, వాడుకోండి.

13–15లో రోజుకు 45 నిమిషాలు. ఇక్కడ చాలా పాఠ్యక్రమాలు తడబడతాయి. పదేళ్ల పిల్లల పుస్తకాన్నే పేజీలు పెంచి ఇస్తాయి. ప్రశ్నలన్నీ "ఎప్పుడు, ఎవరు, ఎక్కడ" దగ్గరే ఆగిపోతే ఆ పుస్తకం ఈ వయసుకు పనికిరాదు. "ఈ సాక్షి ఎవరు, ఎవరి కోసం రాశాడు, ఏం దాచాడు" అని అడిగించాలి.

16 దాటాక మూల పత్రాలు సగం, ఆధునిక రచన సగం. ఏడాదికి నాలుగు వ్యాసాలు, ఒక్కొక్కటి 800 నుంచి 1,500 మాటలు. నాలుగూ తిరగరాయించాలి. ఎనిమిది వ్యాసాలు ఒకేసారి రాయించి మార్కులు వేసి వదిలేయడం కన్నా అదే మేలు.

నాలుగేళ్ల చక్రం అంటే ఏమిటి? మా ఇంటికి సరిపోతుందా?

ప్రపంచ చరిత్రను నాలుగు ముక్కలు చేస్తారు. ఆదిమ నాగరికతల నుంచి సుమారు క్రీ.శ. 400 వరకు మొదటి ఏడు. 400–1600 రెండోది. 1600–1850 మూడోది. అక్కడి నుంచి నేటి వరకు నాలుగోది. హద్దులు పుస్తకాన్ని బట్టి యాభై, వందేళ్లు అటూ ఇటూ జరుగుతాయి. పిల్లవాడు ఆరేళ్లకు మొదలుపెడితే పద్దెనిమిది నిండేలోగా చక్రం మూడుసార్లు తిరుగుతుంది. ప్రతిసారీ లోతు పెరుగుతుంది.

వయసులు వేరైన ఇంటికి ఇది బాగా కుదురుతుంది. చిన్నది చక్రం మధ్యలో, మధ్యయుగాల ఏడాదిలో చేరినా నష్టమేమీ లేదు. ప్రాచీన కాలం తర్వాతి చుట్టులో వస్తుంది. అందరికీ మొదటి నుంచే మొదలుపెట్టాలనే పట్టుదల వల్లే ఇళ్లలో రెండు చక్రాలు నడిచి పెద్దవాళ్లు అలిసిపోతారు.

రెండు చోట్ల ఇబ్బంది వస్తుంది. మొదటిది, ఆరేడేళ్ల పిల్లకు ప్రపంచ యుద్ధాల ఏడాది తగలడం. దాని సంగతి కింద వేరే ప్రశ్నలో ఉంది. రెండోది, ప్రాచీన కాలం దగ్గరే ఆగిపోవడం. పాత నిబంధనకు దగ్గరగా ఉంటుంది, బొమ్మలు బావుంటాయి, చేతిపనులు బోలెడుంటాయి. దాంతో ఏడాది కాస్తా ఏడాదిన్నర అవుతుంది. అలా రెండుసార్లు జరిగితే ఇరవయ్యో శతాబ్దం తెలియకుండానే పిల్ల పెద్దదైపోతుంది. విరుగుడు లెక్కలో ఉంది. పాఠశాల సంవత్సరం 36 వారాలనుకోండి, జ్వరాలకూ ప్రయాణాలకూ నాలుగు తీసేయండి. 32 మిగులుతాయి. పుస్తకంలో 42 పాఠాలుంటే మొదటి వారంలోనే పది పాఠాలు పక్కనపెట్టండి, లేదా జంటలుగా కలపండి. తర్వాత చూద్దాంలే అనుకుంటే చివరి పాఠాలే ఎగిరిపోతాయి.

పదిహేనేళ్ల పిల్లతో ఇప్పుడే హోమ్‌స్కూలింగ్ మొదలుపెడుతుంటే నాలుగేళ్ల చక్రం వద్దు. రెండేళ్లే చేతిలో ఉంటాయి. 1500కు ముందు ఒక ఏడు, తర్వాత ఒక ఏడు పెట్టుకోండి.

పాఠ్యపుస్తకమా, కథా పుస్తకాలా, యూనిట్ స్టడీనా?

పాఠ్యపుస్తకం పద్ధతిలో పని అంతా అమర్చి ఉంటుంది. అధ్యాయం, ప్రశ్నలు, పరీక్ష, జవాబుల పుస్తకం. నేర్పేవాళ్లకు వారానికి అరగంట సిద్ధమైతే చాలు. కానీ చాలా ప్రచురణలు తరగతికో పుస్తకం చొప్పున వస్తాయి, కాబట్టి ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ముగ్గురూ మూడు కాలాల్లో పడతారు. అది తప్పాలంటే మధ్యపిల్లవాడి స్థాయి పుస్తకం ఒకటే తీసుకుని, పైకీ కిందికీ పనిని మీరే మార్చుకోవాలి.

సజీవ పుస్తకాలు అనే పద్ధతి ఇంగ్లండ్ విద్యావేత్త షార్లెట్ మేసన్ (1842–1923) బోధనల నుంచి వచ్చింది. విషయం మీద ప్రేమతో ఒక్కరు రాసిన పుస్తకం చదివించి, విన్నది పిల్లల చేత తిరిగి చెప్పిస్తారు. ఒకసారే చదవాలి, తర్వాత వెంటనే చెప్పాలి. మళ్లీ చదివి వినిపిస్తామని తెలిస్తే పిల్లలు మొదటిసారి చెవి పెట్టరు. ఇది వేర్వేరు వయసులకు చక్కగా నప్పుతుంది. కానీ పుస్తకాల సంఖ్య మితిమీరుతుంది. జాబితాలో నలభై ఉన్నాయని నలభై కొనకండి. అందరికీ కలిపి ప్రధాన పుస్తకం ఒకటి, పటాల పుస్తకం ఒకటి, ఒక్కో పిల్లకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది పుస్తకాలు. అంతే.

క్లాసికల్ పద్ధతి పిల్లల ఎదుగుదలను మూడు దశలుగా చూస్తుంది: కంఠస్థం, తర్కం, వాక్పటిమ. నాలుగేళ్ల చక్రాన్ని ఎక్కువగా నమ్ముకున్నది ఈ పద్ధతే. కంఠస్థం చేసిన తేదీల పాట పదేళ్ల పిల్లకు ఆట, పద్నాలుగేళ్ల పిల్లకు తలవంపు. ఆ తేడా గమనించుకోవాలి.

యూనిట్ స్టడీలో చరిత్ర, భూగోళం, సైన్సు, చేతిపని అన్నీ ఒకే అంశం చుట్టూ తిరుగుతాయి. చిన్నవాళ్లకు పండగే. కానీ మట్టితో జిగ్గురాత్ (మెసొపొటేమియా మెట్ల గుడి) కట్టడానికి మూడు రోజులు పట్టి, బబులోను రాజు హమ్మురాబి శాసనం ఒక్క పూట కూడా చదవలేదంటే ఆ వారం చరిత్ర జరగలేదు, మట్టిపని జరిగింది. చేతిపనులు నెలకు రెండుకు మించనివ్వకండి.

"క్రైస్తవ" అని అట్ట మీద ఉంటే సరిపోదా? లోపల ఏం చూడాలి?

సరిపోదు. పాఠానికో బైబిలు వాక్యం అచ్చు వేసినంత మాత్రాన చరిత్ర సరిగ్గా చెప్పినట్టు కాదు. పాఠ్యక్రమాన్ని దాని మంచి అధ్యాయాలతో కాదు, ఇబ్బందికరమైన అధ్యాయాలతో తూచాలి. కొనేముందు నమూనా పేజీలు గానీ, ఎవరిదైనా ప్రతి గానీ సంపాదించి ఈ చోట్లు చదవండి.

నైసియా మహాసభ, 325. బైబిల్లో ఏ పుస్తకాలుండాలో ఆ సభే తేల్చిందని రాసి ఉంటే రచయిత ఆధారాలు చూసుకోలేదని అర్థం. అక్కడ ప్రధానంగా చర్చించింది కుమారుని గురించి అరియస్ చేసిన బోధ, పస్కా పండుగ తేదీ లాంటి సంగతులు.

క్రూసేడ్లు. 1099లో యెరూషలేములో జరిగిన ఊచకోత ఉందా? 1204లో నాలుగో క్రూసేడ్ సైన్యం కాన్‌స్టాంటినోపుల్‌ను, అంటే తోటి క్రైస్తవుల నగరాన్ని, కొల్లగొట్టిన సంగతి ఉందా? లేకపోతే పిల్లలు తర్వాత ఇంకెక్కడో చదివి "ఇది మాకెందుకు దాచారు" అని అడుగుతారు. అప్పుడు పోయేది చరిత్ర మీద నమ్మకం ఒక్కటే కాదు.

కొలంబస్, 1492. భూమి గుండ్రంగా ఉందని నిరూపించడానికి బయలుదేరాడని చెబితే పుస్తకం మూసేయండి. చదువుకున్నవాళ్లకు ఆ సంగతి ఎప్పటినుంచో తెలుసు. క్రీ.పూ. మూడో శతాబ్దంలోనే ఎరటోస్తనీస్ చుట్టుకొలత లెక్కగట్టాడు. గొడవ భూమి ఎంత పెద్దదన్న దాని మీద, అందులో కొలంబస్‌దే తప్పు లెక్క.

సంస్కరణోద్యమం. 1517లో లూథర్ వాదాలు ఉంటాయి సరే. 1543లో యూదుల మీద అదే లూథర్ రాసిన ఘోరమైన రాతలు, 1553లో జెనీవాలో త్రిత్వాన్ని కాదన్న సెర్వెటస్‌ను కాల్చి చంపడం ఉన్నాయా? కేథలిక్ పుస్తకమైతే పాపక్షమాపణ పత్రాల అమ్మకం గురించి ఎంత నిజాయితీగా రాసిందో చూడండి.

బానిసల వ్యాపారం. విల్బర్‌ఫోర్స్ పోరాటం, బ్రిటన్ 1807లో ఆ వ్యాపారాన్ని నిషేధించడం దాదాపు అన్ని క్రైస్తవ పుస్తకాల్లోనూ కనబడతాయి. బైబిలు చేతపట్టుకునే బానిసత్వాన్ని సమర్థించినవాళ్లు కూడా ఉన్నారని ఎన్నింటిలో ఉంది?

చివరిగా, అపొస్తలుల కాలం నుంచి లూథర్ దాకా, యూరప్ బయట, సంఘం ఎక్కడుందో చూడండి. నాలుగో శతాబ్దంలో అర్మేనియా, ఇథియోపియాలో అక్సుమ్ రాజు ఎజానా, చైనాలో షియాన్ దగ్గర అక్కడి క్రైస్తవులు 781లో నిలిపిన శిలాశాసనం, కేరళలో సంఘానికి హక్కులిచ్చిన 849 నాటి కొల్లం రాగిశాసనాలు. ఇవేవీ లేకపోతే అది ప్రపంచ సంఘ చరిత్ర కాదు, యూరప్ సంఘ చరిత్ర. కొనకూడదని కాదు, ఆ ఖాళీ మీరు పూరించుకోవాలి.

"ఇది దేవుడు చేశాడు" అని ప్రతి పేజీలో ఉంటే మంచిదేనా?

జాగ్రత్తగా విడదీయాలి. పారసీక రాజు కోరెషును దేవుడు వాడుకున్నాడని యెషయా 45 చెబుతుంది. అది లేఖనం చెప్పిన మాట. 1588లో స్పెయిన్ నౌకాదళం తుఫానులో చితికిపోవడం దేవుని తీర్పే అంటే, అది రచయిత ఊహ. అవతల ఓడల్లో ప్రార్థన చేసుకుంటున్నవాళ్లూ క్రైస్తవులే. పెద్దపిల్లల చేత ఒక చిన్న పరీక్ష చేయించండి: ఓడిపోయిన పక్షంలోని విశ్వాసి ఈ వాక్యం ఒప్పుకుంటాడా? పన్నెండేళ్లు దాటినవాళ్లు ఈ ప్రశ్న ఇష్టంగా పట్టుకుంటారు. లూకా తన సువార్త మొదట్లోనే అన్నిటినీ మొదటినుంచి తరచి తెలుసుకున్నానని రాశాడు (1:3). చరిత్ర రాసే విశ్వాసికి అంతకన్నా మంచి కొలత దొరకదు.

సృష్టి, జలప్రళయం తేదీల విషయంలో పుస్తకాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఏం చేయాలి?

ముందు మీ ఇంటి అభిప్రాయం తేల్చుకోండి, తర్వాత పుస్తకం కొనండి. ఎందుకంటే ఈ తేడా మొదటి అధ్యాయంలోనే వస్తుంది. ఆర్చ్‌బిషప్ అషర్ పదిహేడో శతాబ్దంలో కట్టిన లెక్క ప్రకారం సృష్టి క్రీ.పూ. 4004, జలప్రళయం సుమారు 2348. కొన్ని క్రైస్తవ పాఠ్యక్రమాలు ఈ తేదీలనో వీటికి దగ్గరి తేదీలనో అనుసరిస్తాయి. సాధారణ చరిత్ర పుస్తకాలు గీజాలోని పెద్ద పిరమిడ్‌ను సుమారు 2560 అంటాయి. రెండు పుస్తకాలూ ఒకే టైమ్‌లైన్ మీద వేస్తే పిరమిడ్ ప్రళయానికి ముందు పడుతుంది. పదేళ్ల పిల్లవాడు అది పట్టుకుని అడగకుండా ఉండడు. గ్రీకు పాత నిబంధనలోని వయసుల అంకెలు పెద్దవి కాబట్టి, వాటి ఆధారంగా బైజాంటియం వాళ్లు సృష్టిని క్రీ.పూ. 5509గా లెక్కించారు. వంశావళులను పూర్తి లెక్కగా తీసుకోని విశ్వాసులూ ఉన్నారు. పిల్లకు పదమూడు వచ్చేసరికి ఈ లెక్కలన్నీ ఒక కాగితం మీద పక్కపక్కన చూపించండి. అంతకుముందు ఒక్కటే చాలు.

నిర్గమం కూడా ఇంతే. 1 రాజులు 6:1 ప్రకారం సొలొమోను నాలుగో ఏడుకు, అంటే సుమారు క్రీ.పూ. 966కు, 480 ఏళ్లు కలిపితే 1446 వస్తుంది. నిర్గమ 1:11లో రామెసేసు పట్టణం పేరుంది కాబట్టి 1279–1213 మధ్య ఏలిన రెండో రామెసెస్ కాలమని మరికొందరి వాదం. సుమారు 1208 నాటి ఫరో మెర్నెప్తా శిలలో కనాను ప్రాంతపు జనాల మధ్య ఇశ్రాయేలు పేరు అప్పటికే ఉంది, కాబట్టి నిర్గమాన్ని అంతకన్నా తర్వాతి కాలానికి జరపడం కష్టం. రెండు తేదీలూ పెన్సిలుతో వేయించండి.

బైబిల్లో పేర్లు, చరిత్ర పుస్తకంలో పేర్లు పిల్లలకు కలవడం లేదు.

తెలుగు బైబిలు, ఇంగ్లీషు పాఠ్యపుస్తకం రెండూ వాడే ఇళ్లలో ఇది మామూలే. కోరెషు అంటే సైరస్, దర్యావేషు అంటే డేరియస్, అహష్వేరోషు అంటే చాలామంది లెక్కలో జెర్క్సెస్, సన్హెరీబు అంటే సెనాకెరిబ్, అష్షూరు అంటే అసీరియా, ఐగుప్తు అంటే ఈజిప్టు. నోట్‌బుక్ చివరి పేజీలో రెండు వరుసల పట్టిక గీయించి, కొత్త పేరు వచ్చినప్పుడల్లా చేర్పించండి. ఎస్తేరు కథలోని రాజూ, గ్రీకుల మీద థర్మోపిలే యుద్ధానికి సైన్యాన్ని నడిపిన రాజూ ఒకరేనని తెలిసిన రోజున పిల్లలకు బైబిలు, ప్రపంచ చరిత్ర ఒకే నేల మీద జరిగాయని తడుతుంది.

టైమ్‌లైన్ ఎంత పొడవుండాలి?

వందేళ్లకు 10 సెంటీమీటర్లు. క్రీ.పూ. 2000 నుంచి క్రీ.శ. 2000 వరకు 4 మీటర్లు, ఏ4 కాగితాలు అడ్డంగా అంటిస్తే 14. దీనితో వచ్చే చిక్కు, చివరి ఐదు వందల ఏళ్లు అరమీటరులో ఇరుక్కుపోవడం. ఆ భాగానికి మాత్రం వందేళ్లకు 30 సెంటీమీటర్లు ఇవ్వండి. మొత్తం 5 మీటర్లు, 17 కాగితాలు అవుతుంది. కొలత మారిన చోట ఎర్రగీత తప్పనిసరి. లేకపోతే ఆధునిక కాలమే చాలా పొడవని పిల్లలు అనుకుంటారు. గోడ లేకపోతే నోట్‌బుక్‌లో శతాబ్దానికి ఎదురెదురు రెండు పేజీలు, నలభై శతాబ్దాలకు 80 పేజీలు. పదేళ్లు దాటినవాళ్లకు గోడ కన్నా ఇదే నయం, ఎవరి పుస్తకం వాళ్లదవుతుంది.

సున్నా సంవత్సరం లేదని ముందే చెప్పండి. క్రీ.పూ. 1 తర్వాత క్రీ.శ. 1. క్రీ.పూ. 4 నుంచి క్రీ.శ. 30 వరకు 34 కాదు, 33 ఏళ్లు. యేసు "క్రీస్తుకు పూర్వం" పుట్టడమేమిటని కూడా అడుగుతారు. హేరోదు మరణాన్ని ఎక్కువమంది క్రీ.పూ. 4లో పెడతారు, యేసు పుట్టింది అంతకుముందు. ఆరో శతాబ్దంలో ఈ శకం లెక్క కట్టిన డయొనీసియస్ కొన్నేళ్లు తప్పాడు.

రక్తపాతం, మారణహోమాలు చిన్నవాళ్ల ముందు ఎలా?

మీరు ఒక వారం ముందు చదివి ఉండాలి. వేరే దారి లేదు. కలిసి చదివే భాగాన్ని ఎప్పుడూ చిన్నపిల్ల స్థాయికే ఎంచుకోండి, మిగతాది పెద్దవాళ్లు విడిగా చదువుకుంటారు. తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు యూదుల మారణహోమం ఒక నిజమైన వాక్యంలో చెప్పొచ్చు: ఒక ప్రభుత్వం లక్షలాది యూదులను చంపింది, కొందరు ప్రాణాలకు తెగించి దాచి కాపాడారు. అబద్ధం లేదు, వివరం లేదు. పది, పన్నెండు ఏళ్లకు ఒక పిల్ల కళ్లతో చెప్పిన కథ. ఫొటోలు పదమూడు దాటాకే, అదీ మీరు పక్కన ఉండగా. న్యాయాధిపతులు 19 లాంటి అధ్యాయాలకూ ఇదే నియమం.

వేరే సంఘం వాళ్లు ప్రచురించిన పుస్తకం వాడొచ్చా?

వాడొచ్చు, మీ సంఘం వాళ్లు రాసినది దొరక్కపోతే మరీను. ఎక్కడ తేడా వస్తుందో తెలిస్తే చాలు: పోపు అధికారం, 1054లో తూర్పు, పడమటి సంఘాల చీలిక, సంస్కరణోద్యమం, బాప్తిస్మం. ఆ మూడు నాలుగు పాఠాలకు మీ వైపు పుస్తకం ఒకటి పక్కన పెట్టుకోండి.

ఈ పుస్తకాల్లో అమెరికా చరిత్రే ఎక్కువగా ఉంది. మేము అక్కడ లేము.

క్రైస్తవ హోమ్‌స్కూల్ పాఠ్యక్రమాల్లో అధికభాగం అమెరికాలో, అక్కడి కుటుంబాల కోసం తయారైనవి. నాలుగేళ్ల చక్రంలో 1600 తర్వాతి కాలానికి కేటాయించిన రెండేళ్లలో ఆ దేశమే సగం దాకా ఆక్రమించవచ్చు. స్వాతంత్ర్య పోరాటం, అంతర్యుద్ధం, పౌరహక్కుల ఉద్యమం ప్రపంచ చరిత్రగా ఉంచుకుని, రాష్ట్రాల వివరాలు, అధ్యక్షుల వరుస తీసేయండి. ఖాళీ అయిన వారాల్లో మీరున్న దేశపు చరిత్ర పెట్టండి. అది అదే శతాబ్దానిదై ఉండాలి. లేదంటే టైమ్‌లైన్ తెగిపోతుంది. హోమ్‌స్కూలింగ్ చట్టాలు దేశానికో తీరుగా ఉంటాయి, జర్మనీ లాంటి చోట బడికి పంపడమే తప్పనిసరి. మీ దేశంలో చరిత్రకు నిర్ణీత అంశాలున్నాయేమో కొనేముందే చూసుకోండి.

పరీక్షలు పెట్టాలా?

పన్నెండేళ్ల దాకా తిరిగి చెప్పించడమే పరీక్ష. మాటల్లో చెప్పేది ఐదారేళ్ల నుంచి, రాతలో తొమ్మిది, పదేళ్ల నుంచి. పిల్లలు మొద్దుబారినట్టు ఒకే వాక్యం చెప్పి ఆపేస్తే, చదివిన భాగం మరీ పొడవై ఉంటుంది. సగానికి తగ్గించండి. అన్నదమ్ములను ఒకేసారి చెప్పించేటప్పుడు చిన్నవాడితో మొదలుపెట్టండి, పెద్దవాడు మిగిలింది చేరుస్తాడు. తిరగేస్తే చిన్నవాడికి చెప్పడానికేమీ మిగలదు.

హైస్కూల్లో అమెరికా తరహా క్రెడిట్ కావాలంటే ఒక్కోదానికి 120 నుంచి 180 గంటల మధ్య లెక్కిస్తారు. వారానికి నాలుగు గంటల చొప్పున 36 వారాలు 144 గంటలు. తేదీ, అంశం, నిమిషాలు రోజూ రాసిపెట్టుకోండి. ఏడాది చివర్లో గుర్తుచేసుకుని రాసిన లెక్క ఎక్కడా నిలవదు.

పాత ప్రతులు కొనొచ్చా? వర్క్‌బుక్ జిరాక్స్ తీసుకోవచ్చా?

ప్రధాన పుస్తకం పాతదైనా ఫరవాలేదు. టీచర్ గైడ్ మాత్రం అదే ముద్రణది కావాలి. పేజీ నంబర్లు కలవకపోతే ప్రతి వారం వెతుకులాటే. రెండింటి వెనకా ఉన్న ముద్రణ సంవత్సరం, ఐఎస్‌బీఎన్ ముందు సరిచూడండి. పటాల పుస్తకంలో దక్షిణ సూడాన్ లేకపోతే అది 2011కు ముందుది. ప్రాచీన చరిత్రకు అదీ పనికొస్తుంది.

వర్క్‌బుక్ కాపీ చేసుకునే అనుమతి ప్రచురణకర్తను బట్టి మారుతుంది. కొందరు ఒకే ఇంటి పిల్లలకు ఒప్పుకుంటారు, నాలుగు కుటుంబాలు కలిసి చదివే గుంపుకు ఒప్పుకోరు. మొదటి రెండు పేజీల్లో రాసి ఉంటుంది. అనుమతి లేకపోతే జవాబులు నోట్‌బుక్‌లో రాయించండి, పుస్తకం తమ్ముడికి మిగులుతుంది.

ఏడాది మధ్యలో పుస్తకం నచ్చలేదు. మార్చేయాలా?

ముందు పుస్తకం కాదు, పని మార్చి చూడండి. రాత తగ్గించి మాట పెంచండి, పాఠాన్ని సగం చేయండి, మూడు వారాలు గమనించండి. చాలా ఇళ్లలో అసలు ఇబ్బంది వర్క్‌బుక్ పేజీలే, చరిత్ర కాదు. అప్పటికీ కుదరకపోతే ఒక యుగం ముగిసిన చోట ఆపండి: రోమ్ పతనం దగ్గరో, 1492 దగ్గరో. కొత్త పుస్తకంలో అదే చోటు వెతికి అక్కడి నుంచి ఎత్తుకోండి. అయిపోయిన కాలాన్ని కొత్త పుస్తకంతో మళ్లీ మొదటినుంచి చేయించొద్దు. ఒక్కరికి మాత్రమే పొసగకపోతే ఆ ఒక్కరికే అదే కాలం మీద వేరే పుస్తకం ఇచ్చి, కలిసి చదివేది మాత్రం అందరితో అలాగే ఉంచండి.